లాకు ఎత్తారు సరే, పడవ నడుస్తుందా?

రెండేళ్ల కిందట కువైట్‌లో ఉన్న మా బావకి ఫోను పంపించాం. సీలు కూడా తియ్యలేదు. ఆత్రేయపురం పూతరేకులు, మా అత్త పెట్టిన మాగాయ, ఆ రెంటి మధ్యా పాత లుంగీలో చుట్టిన ఫోను డబ్బా, ఇవన్నీ మలికిపురం నుంచి వెళ్తున్న ఒకాయన సంచిలో సర్దాం. కొనేటప్పుడు షాపాయన్ని ఒకటికి మూడుసార్లు అడిగాను, "అన్‌లాక్డేనా అండీ" అని. "ఆయ్, అన్‌లాక్డేనండి, ఎక్కడికట్టుకెళ్లినా పనిచేసేస్తదండి" అన్నాడు. బావ అక్కడ కువైట్ సిమ్ము వేశాడు. తెర మీద ఏదో కోడ్ అడిగింది, అంతే, సిగ్నల్ లేదు. దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టి, కింద "మాగాయ మాత్రం బాగుంది" అని రాశాడు.

షాపాయన చెప్పింది అబద్ధమేం కాదు. ఆయన లెక్కలో అది అన్‌లాక్డే, ఏ ఒక్క కంపెనీ సిమ్ముకీ కట్టేసిన ఫోను కాదు. కానీ డబ్బా వెనక, బార్‌కోడ్ పక్కన, చీమ తలకాయంత అక్షరాల్లో, ఈ ఫోను ఇండియా, చుట్టుపక్కల రెండు మూడు దేశాల సిమ్ములకి మాత్రమే అని రాసి ఉంది. కొన్ని కంపెనీల ఫోన్లలో ఈ పద్ధతి ఉంది, రీజియన్ లాక్ అంటారు. ఒక దేశంలో తక్కువ ధరకి దొరికే ఫోన్లని టోకున కొని ఇంకో దేశంలో అమ్ముకునేవాళ్లకి అడ్డం పెట్టడానికి వేసే లాకు ఇది. తీయడానికి పెద్ద విద్యేం అక్కర్లేదు, కొన్న ప్రాంతపు సిమ్ము వేసి మొత్తం మీద ఐదు నిమిషాలు దాటేలా కాల్స్ మాట్లాడితే దానంతటదే ఊడిపోతుంది. ఆ ఐదు నిమిషాలు మేం మాట్లాడలేదు, ఎందుకంటే సీలు తీస్తే వాడేసిన ఫోను పంపామనుకుంటాడేమో అని మొహమాటం. చివరికి ఆ ఫోను సంక్రాంతి సెలవుకి వచ్చినవాళ్లతో వెనక్కి వచ్చింది, నేను నా సిమ్ము వేసి మా పిన్నితో కొబ్బరికాయ ధర మీద ఏడు నిమిషాలు మాట్లాడాను, మళ్లీ వాళ్లతోనే కువైట్ వెళ్లింది. బావ ఒక్క ఫోనూ చేసుకోకుండానే సముద్రాన్ని మూడుసార్లు దాటిన ఫోను అది.

అప్పట్నుంచి మా వీధిలో ఎవరు దేశం దాటుతున్నా ఫోను తెచ్చి నా చేతిలో పెడతారు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు గల్ఫ్‌లో మనిషి లేని వీధి దొరకడం కష్టం, రేవు దాటి నరసాపురం వెళ్లినా అంతే. ఈమధ్య అమెరికా, ఆస్ట్రేలియా చదువులకి వెళ్లే పిల్లలూ ఎక్కువయ్యారు. అందరిదీ ఒకటే ప్రశ్న, ఇది అన్‌లాక్డేనా అని. తప్పు ప్రశ్నేం కాదు గానీ అది పావు వంతు ప్రశ్న.

గోదావరి కాలువ మీది లొల్ల లాకులు చూసినవాళ్లకి ఇది చెప్పడం తేలిక. కాలువ మట్టం దిగేచోట పడవని రెండు తలుపుల మధ్య ఆపి, లోపలి నీళ్లూ బయటి నీళ్లూ సమానం చేసి, అప్పుడు తలుపు తీస్తారు. పడవల మీద ధాన్యం, కొబ్బరి పోయిన రోజుల్లో తలుపు తియ్యగానే పని అయిపోయేది కాదు కదా. అవతల కాలువలో నీళ్లుండాలి, పడవ అడుగు నేలకి తగలకూడదు, సరుకు దించడానికి రేవు ఉండాలి. ఫోనుకీ అదే వరస. లాకు అంటే తలుపు మాత్రమే. అవతలి దేశంలో టవర్లు ఏ తరంగాల మీద నడుస్తున్నాయో వాటిని మీ ఫోను అందుకోవాలి, వాటినే బ్యాండ్లు అంటారు. అందుకున్నాక నెట్ ఒక్కటే కాదు, మాట కూడా వెళ్లాలి. సిమ్ము పెట్టుకునే చోటు ఉండాలి, ఇది ఈ మూడు నాలుగేళ్లలో వచ్చిన కొత్త చిక్కు. ఇంతా అయ్యాక ఆ దేశం ఆ ఫోన్ని ఒప్పుకోవాలి.

ముందు తలుపు సంగతి తేల్చేద్దాం, మనకి తక్కువ తలనొప్పి ఇదే. మన దేశంలో ఇప్పుడు షాపులో కొనే ఫోన్లు దాదాపు అన్నీ కంపెనీ లాకు లేనివే. పాతవాళ్లకి మాత్రం గుర్తుండే ఉంటుంది, 2003లో రిలయన్స్ 501 రూపాయలు కట్టించుకుని ఫోను చేతిలో పెట్టినప్పుడు, అందులో ఇంకో కంపెనీ సిమ్ము వేద్దామంటే అసలు సిమ్ము పెట్టే చోటే ఉండేది కాదు. అమెరికాలో ఇప్పటికీ చాలామంది ఫోన్లని నెట్‌వర్క్ కంపెనీ దగ్గరే నెలవారీ వాయిదాల మీద తీసుకుంటారు, చాలావరకు వాయిదాలు తీరేదాకా అందులో ఆ కంపెనీ సిమ్మే. బ్రిటన్‌లో 2021 డిసెంబర్ నుంచి లాకు వేసిన ఫోన్లు అమ్మకూడదు, కెనడాలో 2017 డిసెంబర్ నుంచే ఆ నియమం ఉంది. కాబట్టి అమెరికా నుంచి అన్నయ్య తన పాత ఫోను పంపిస్తానంటే అడగాల్సిన మొదటి మాట "వాయిదాలు అయిపోయాయా, లాకు తీయించావా" అని. ఐఫోనైతే సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్తే క్యారియర్ లాక్ అని ఒక వరస ఉంటుంది, అక్కడ "నో సిమ్ రిస్ట్రిక్షన్స్" అని ఉంటే చాలు. ఆండ్రాయిడ్‌లో ఇంత కచ్చితంగా చెప్పే చోటు అన్ని ఫోన్లకీ ఉండదు, వేరే కంపెనీ సిమ్ము వేసి ఒక కాల్ చేసి చూడటమే పద్ధతి.

సెకండ్ హ్యాండ్‌లో ఇంకో మాయ ఉంది. లాకు ఉన్న ఐఫోన్‌లో సిమ్ము కింద కాగితమంత సన్నటి చిప్పు ఒకటి పెట్టి, లాకు లేనట్టు నడిపిస్తారు. ట్రే బయటికి లాగి చూస్తే సిమ్ముకి అంటుకుని కనిపిస్తుంది. ఈరోజు పనిచేస్తుంది, ఏదో ఒకనాడు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసిన రాత్రి చచ్చిపోతుంది. ఫోను చవగ్గా వస్తోందంటే ముందు ఆ ట్రే లాగండి.

ఇప్పుడు అసలు గొడవలోకి వద్దాం, బ్యాండ్లు. అమెరికా వెళ్లే పిల్లలు బోల్తా పడేది ఎక్కువగా ఇక్కడే, షాపులో మాత్రం దీని గురించి అడిగేవాళ్లూ ఉండరు, చెప్పేవాళ్లూ ఉండరు.

టవర్‌కీ ఫోనుకీ మధ్య నడిచే తరంగాలకి ప్రతి దేశం తన దగ్గరున్న జాగాని ముక్కలు చేసి కంపెనీలకి వేలం వేస్తుంది. ఆ ముక్కలకి నంబర్లు ఉంటాయి. 1800 మెగాహెర్ట్జ్ ముక్క 4జీలో బ్యాండ్ 3. 2300 అయితే 40. 850 అయితే 5. నంబరుకీ మెగాహెర్ట్జ్‌కీ వరసా వావీ ఏమీ ఉండదు, బస్సు నంబర్ల లాగా గుర్తుపెట్టుకోవడమే. 5జీలో నంబర్ల ముందు ఎన్ అక్షరం చేరుతుంది, ఎన్78, ఎన్28 అని. ఫోనులో ఏ నంబర్లకి సామాను పెట్టారో వాటినే అది వింటుంది. మిగతా వాటి టవరు నెత్తి మీదున్నా దానికి నిశ్శబ్దమే, దీనికి సెట్టింగూ లేదు, యాప్ లేదు, షాపులో చేసే రిపేరూ లేదు.

ఇందులోనే ఇంకో సూక్ష్మం ఉంది. ఊరేగింపు వెళ్తుంటే డోలు చప్పుడు రెండు వీధుల అవతల ఇంట్లో తలుపులేసుకుని పడుకున్నా వినిపిస్తుంది, సన్నాయి వినిపించదు. తరంగాలూ అంతే. 600, 700, 800 లాంటి తక్కువ నంబరు మెగాహెర్ట్జ్‌లు దూరం పోతాయి, గోడలు దాటతాయి. 2300, 2600 లాంటివి స్పీడు బాగా ఇస్తాయి గానీ గోడ దగ్గర నీరసపడతాయి. అందుకని ఒక దేశంలో మీ ఫోను ఎక్కువ మెగాహెర్ట్జ్‌వే అందుకుని తక్కువవి అందుకోలేకపోతే, రోడ్డు మీద నెట్ పరిగెడుతుంది, ఇంట్లోకి రాగానే మాయమవుతుంది. "అక్కడ నెట్‌వర్క్ బాగోదండి" అని చాలామంది అనేది నిజానికి తమ ఫోను చెవుడు.

మన షాపుల్లో పది, పన్నెండు వేలకి దొరికే చాలా ఫోన్ల 4జీ బ్యాండ్లు చూడండి, ఇంచుమించు ఇవే కనిపిస్తాయి: 1, 3, 5, 8, 40, 41. ఎందుకంటే జియో 4జీ 3, 5, 40 మీద నడుస్తుంది, ఎయిర్‌టెల్ 1, 3, 8, 40 మీద. మన నేలకి సరిగ్గా కుట్టిన చొక్కా అది, ఎక్కువ గుడ్డ పెట్టలేదు, కంపెనీని తప్పుపట్టడానికీ ఏం లేదు.

ఆ చొక్కానే కువైట్ తీసుకెళ్తే దాదాపు సరిపోతుంది. గల్ఫ్ దేశాల్లో 4జీకి బ్యాండ్ 3 బాగా వాడకంలో ఉంది, అది మన ఫోనులోనూ ఉంది. లేనిది 20, అంటే 800 మెగాహెర్ట్జ్, డోలు రకం. పెద్ద భవనాల లోపలి గదుల్లో, సెల్లార్లో పడుకునేవాళ్లకి ఆ లోటు తెలుస్తుంది. మా వైపు నుంచి ఇళ్లల్లో పనికి వెళ్లే ఆడవాళ్లకి చాలాసార్లు వంటింటి వెనక చిన్న గది ఇస్తారు, అక్కడ ఈ 20 ఉందా లేదా అనేది పిల్లలతో మాట్లాడటమా మానటమా అన్నంత తేడా చెయ్యొచ్చు. అందుకని కువైట్, దుబాయ్, ఖతార్, మస్కట్ ఎక్కడికైనా సరే, 3, 20 రెండూ ఉన్న ఫోను చూసి కొనమంటాను, ఇంకో వెయ్యి రెండు వేలు ఎక్కువైనా.

బ్రిటన్ వెళ్లినా ఇంచుమించు ఇదే, 20, 3, 7, 1. ఆస్ట్రేలియాలో డోలు పని 28 చేస్తుంది, దాంతోపాటు 3, 1, 7. 

అమెరికాకి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. అక్కడి 4జీ 2, 4, 66, 12, 13, 71 లాంటి వాటి మీద నడుస్తుంది. అక్కడి నెట్‌వర్క్ కంపెనీల్లో టీ-మొబైల్‌కి ఇంట్లో సిగ్నల్ ఇచ్చేది 12, 71, వెరైజన్‌కి 13. పైన మన చొక్కా నంబర్లు ఇంకోసారి చూడండి, ఒక్కటి కూడా కలవదు. 5, 41 లాంటివి అక్కడక్కడా తగులుతాయి గానీ వాటిని నమ్ముకుని కాపరం చెయ్యలేం. లాకు లేదు, కొత్త ఫోను, అరచేతిలో అద్దంలా మెరుస్తోంది, డాలస్‌లో దిగాక గడియారం, కెమెరా మాత్రమే. వైఫై ఉన్నంతసేపే అది ఫోను.

మరి ఏ ఫోనులో ఏమున్నాయో ఎలా తెలుస్తుంది? పేరు చూసి మాత్రం కాదు. ఒకే పేరుతో ఒక్కో దేశానికి ఒక్కో రకం చేస్తారు, తేడా మోడల్ నంబర్లో ఉంటుంది. సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24 తీసుకుంటే ఎస్921 తర్వాత వచ్చే అక్షరం బి అయితే ఒక రకం, యు అయితే అమెరికాది, ఎన్ అయితే కొరియాది. ఐఫోన్‌లో అబౌట్ పేజీలో మోడల్ నంబర్ మీద ఒకసారి వేలు పెడితే అది మారి ఎ అక్షరంతో మొదలయ్యే నాలుగంకెల నంబరు వస్తుంది, అసలుది అదీ. ఆ నంబరుని కంపెనీ వెబ్‌సైట్లో గానీ ఫోన్ల వివరాలు పెట్టే జీఎస్‌ఎం అరీనా అనే సైట్లో గానీ కొట్టి బ్యాండ్ల వరస తీయండి, పక్కన మీరు వెళ్లే దేశంలో మీరు తీసుకోబోయే కంపెనీ బ్యాండ్లు రాసుకోండి, రెండు వరసల్లో కలిసినవాటికి సున్నా చుట్టండి. పది నిమిషాల పని. తక్కువ మెగాహెర్ట్జ్ ఒకటీ ఎక్కువవి రెండూ కలిస్తే నిశ్చింతగా వెళ్లొచ్చు.

5జీ గురించి ఎక్కువ చెప్పను. మన దగ్గరా, గల్ఫ్‌లోనూ ఎన్78 ప్రధానం, కాబట్టి మన 5జీ ఫోన్లకి అక్కడ పెద్ద ఇబ్బంది ఉండదు. అమెరికాలో టీ-మొబైల్‌కి ఎన్41, ఎన్71, వెరైజన్‌కీ ఏటీ అండ్ టీకీ ఎన్77 చూసుకోండి. 4జీ సరిగ్గా కుదిరాకే 5జీ లెక్క.

బ్యాండ్లన్నీ కలిశాయనుకుందాం, నెట్ వస్తోంది, వాట్సాప్ నడుస్తోంది. కానీ మామూలు కాల్ వెళ్లదు. ఇది విన్నప్పుడు చాలామంది నమ్మరు, "నెట్ వచ్చాక కాల్ ఎందుకెళ్లదండీ" అంటారు.

4జీ పుట్టింది డేటా కోసం. మొదట్లో ఫోను 4జీలో ఉన్నా, కాల్ రాగానే 3జీకో 2జీకో దిగి మాట్లాడి మళ్లీ పైకెక్కేది, మనకి తెలిసేది కాదు. ఆ తర్వాత మాటని కూడా 4జీ మీదే పంపే పద్ధతి వచ్చింది, దాని పేరే వోల్టే. ఇప్పుడు దేశాలు వరసగా 3జీని మూసేస్తున్నాయి. మా దగ్గర వేసవిలో కాలువలు కట్టేస్తారు, ఏరువాక నాటికి మళ్లీ వదుల్తారు. ఇది మళ్లీ వదిలే కట్టడం కాదు. అమెరికాలో ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో, టీ-మొబైల్ ఆ ఏడాది మధ్యలో, వెరైజన్ ఆ ఏడాది చివర్లో 3జీ ఆపేశాయి. ఆస్ట్రేలియాలో టెల్‌స్ట్రా, ఆప్టస్ 2024 అక్టోబర్ 28 నుంచి మూశాయి. కింద దిగడానికి కాలువ లేదు కాబట్టి ఫోనుకి వోల్టే వస్తేనే మాట, లేకపోతే మౌనం.

"మా ఫోనులో వోల్టే ఉందండి, జియో వాడుతున్నాం కదా" అంటారు. ఉంది, జియోకి. మెలిక అక్కడే. వోల్టే అనేది ఏ నెట్‌వర్క్‌కి ఆ నెట్‌వర్క్‌కి విడివిడిగా, ఫోను కంపెనీ లోపల అమర్చి, పరీక్షించి, తెరవాల్సిన విషయం. ఇండియా కోసం చేసిన ఫోనులో జియో, ఎయిర్‌టెల్ అమరికలు ఉంటాయి, అమెరికా కంపెనీలవి ఉండాలని లేదు. పైగా ఏటీ అండ్ టీ తన నెట్‌వర్క్‌లో పనిచేసే ఫోన్ల జాబితా ఒకటి పెట్టుకుంది, అందులో లేని ఫోను బ్యాండ్లన్నీ కలిసినా సరే పక్కన పెట్టేస్తుంది. టీ-మొబైల్ ఈ విషయంలో కొంచెం ఉదారం, మన ఫోన్లు పట్టుకెళ్లిన పిల్లలు ఎక్కువగా అందులోనే చేరడానికి ఇదొక కారణం. ఆస్ట్రేలియా ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ అత్యవసర నంబరు 000. మామూలు కాల్స్ 4జీలో వెళ్తున్నా, 000కి మాత్రం 3జీలోకి దిగేలా చేసిన ఫోన్లు ఉన్నాయి, అలాంటివాటిని నెట్‌వర్క్‌లు పూర్తిగా ఆపెయ్యాలని ప్రభుత్వం నియమం పెట్టింది. కఠినమే గానీ సబబైన నియమం. ఇంట్లో మనిషి పడిపోయినప్పుడు ఫోను మొరాయిస్తే ఎవరికి చెప్పుకుంటాం.

ఇదే చిక్కు అటునుంచి ఇటు కూడా వస్తుంది. అమెరికాలో నెట్‌వర్క్ కంపెనీలు అమ్మే చవక ఆండ్రాయిడ్ ఫోను ఒకటి అమ్మకి పంపారనుకోండి. జియోకి మన దేశంలో 2జీ, 3జీ రెండూ లేవు, మొదటి రోజు నుంచీ అంతా 4జీ మీదే. ఆ ఫోనులో జియో వోల్టే అమరిక లేకపోతే నెట్ వస్తుంది, కాల్ రాదు. ఎయిర్‌టెల్ 3జీ మూసేసినా 2జీ ఉంచింది కాబట్టి అదే ఫోనులో ఎయిర్‌టెల్ సిమ్ము వేస్తే మాట కిందికి దిగి ఎలాగో అవతలికి చేరుతుంది. సిమ్ము మారిస్తే ఫోను బాగైపోయిందని మా పక్కింటి మావయ్య ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాడు.

ఇక సిమ్ము పెట్టే చోటు. అమెరికాలో అమ్మే ఐఫోన్లకి 2022లో వచ్చిన 14 దగ్గర్నుంచి సిమ్ము ట్రే లేదు, ఈ-సిమ్ మాత్రమే, అంటే ప్లాస్టిక్ ముక్క లేకుండా ఫోను లోపలే ఉండే సిమ్ము. ఐఫోన్ 17తో, అంటే 2025 నుంచి, కువైట్, ఖతార్, ఒమన్, సౌదీ, బహ్రెయిన్, యూఏఈల్లో అమ్మేవి కూడా అలాగే వస్తున్నాయి. ఇది మా ప్రాంతానికి పెద్ద వార్త, ఎందుకంటే మా దగ్గర ఐఫోన్లలో చాలావరకు గల్ఫ్ నుంచి సంచుల్లో వచ్చినవే. పిన్ను పట్టుకుని ఫోనుకి నాలుగు వైపులా వెతికినా గుచ్చడానికి బెజ్జం ఉండదు. జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ఈ-సిమ్ ఇస్తాయి, కాబట్టి దారి లేక కాదు, కానీ పెద్దవాళ్ల సిమ్ముని ఈ-సిమ్‌గా మార్చడం ఒక పూట పని. ఆ పని కంపెనీ స్టోర్‌కి వెళ్లి చేయించండి. ఫోన్ చేసి "మీ సిమ్ము ఈ-సిమ్ చేస్తాం, ఓటీపీ చెప్పండి" అనేవాడు సిమ్ముతో పాటు బ్యాంకులో డబ్బు కూడా మార్చుకుపోతాడు. హాంకాంగ్‌లో కొన్న ఐఫోన్లు మాత్రం చాలావరకు రెండు ట్రే సిమ్ములతో వస్తాయి, ఎవరైనా అటువైపు నుంచి వస్తుంటే చెవిలో వెయ్యొచ్చు.

దేశం ఒప్పుకోవడం గురించి క్లుప్తంగా చెప్తాను. ప్రతి ఫోనుకీ ఐఎంఈఐ అని పదిహేను అంకెల గుర్తింపు నంబరు ఉంటుంది, స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొడితే కనపడుతుంది. టర్కీ లాంటి చోట బయటి నుంచి తెచ్చిన ఫోన్ని 120 రోజుల్లోపు డబ్బు కట్టి నమోదు చేయించకపోతే ఆపేస్తారు. గల్ఫ్‌కి, అమెరికాకి వెళ్లే మనవాళ్లకి ఆ బెడద లేదు. ఇక్కడ సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు మాత్రం కేవైఎం అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ రాసి 14422కి మెసేజ్ పెడితే ఆ నంబరు అసలుదో కాదో, బ్లాక్‌లిస్ట్‌లో ఉందో లేదో తెలుస్తుంది. పోగొట్టుకున్న ఫోనుగా ఎవరైనా ఫిర్యాదు చేసి ఉంటే ముందే బయటపడుతుంది.

ఒక సంగతి ఫోను మీదికి తోసేస్తుంటారు, దానికి సంబంధం లేదు. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ వెళ్లకపోతే ఫోను మార్చకండి. యూఏఈలో నెట్ మీద వెళ్లే ఆ కాల్స్‌ని అక్కడి నియమాల వల్ల నెట్‌వర్కే ఆపుతుంది, అనుమతి ఉన్న యాప్‌లు వేరే ఉన్నాయి, మనవాళ్లంతా బోటిమ్ అనేది అదే. మెసేజ్‌లు, ఫోటోలు మామూలుగానే వెళ్తాయి.

మొన్న ఆదివారం మా వీధి చివరి మాస్టారు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ అమ్మాయి ఆగస్టులో డాలస్ వెళ్తోంది. దసరాకి కొన్న పదకొండు వేల ఫోను నా ముందు పెట్టి, "అన్‌లాక్డేనండి, అమలాపురంలో కొన్నాను, బిల్లు కూడా ఉందండి" అన్నారు మాస్టారు. బిల్లు నిజంగానే మడతపెట్టి కళ్లజోడు పెట్టెలో ఉంది. మోడల్ నంబరు కొట్టి బ్యాండ్లు తీశాను. 1, 3, 5, 8, 40, 41. అమ్మాయి చదువుకున్నది కదా, టీ-మొబైల్ వరస తనే తీసి పక్కన రాసింది, ఐదు మీదా నలభై ఒకటి మీదా సున్నాలు చుట్టి నా వైపు చూసింది.

"పోనీ అక్కడ కొత్తది కొనుక్కుంటది, ఇది మన సిమ్ము వేసుకుని బ్యాంకు ఓటీపీలకి ఉంచుకుంటదండి" అన్నారు మాస్టారు. ఆలోచన బాగుంది, అందరికీ ఇదే వస్తుంది. కానీ మన సిమ్ము అక్కడ రోమింగ్‌లో బతకాలన్నా అక్కడి టవరునే పట్టుకోవాలి, టవరుకి ఇది చెవిటిదైనప్పుడు ఓటీపీ ఏ దారిన వస్తుంది. ఓటీపీ రావాలంటే మన సిమ్ముకి ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడుండగానే తెరిపించాలి, రీఛార్జ్ గడువు దాటనివ్వకూడదు, ఆ సిమ్ము మంచి ఫోనులోనే ఉండాలి. అక్కడికెళ్లి ఐఫోను కొంటే దానికి ట్రే ఉండదు కాబట్టి మన ప్లాస్టిక్ సిమ్ము అందులో దూరదు, ఈ-సిమ్‌గా మార్చుకోవడానికి ఇక్కడి సిగ్నల్‌లో ఉండగా చేసుకోవడం తేలిక, అక్కడ కూర్చుని చెయ్యాలంటే తలప్రాణం తోకకొస్తుంది. అదే ఇండియాలో ఐఫోన్ 17 కొంటే ట్రే ఉంది, ఈ-సిమ్మూ ఉంది. ట్రేలో మన సిమ్ము, ఈ-సిమ్‌లో అమెరికాది. ధర అక్కడ తక్కువన్నది నిజమే, రెండు సిమ్ముల నిశ్చింత మాత్రం ఇక్కడ కొన్నదాంట్లో ఎక్కువ. అంత డబ్బు వద్దనుకుంటే ఆండ్రాయిడ్ తీసుకోవచ్చు. కాకపోతే అక్కడే, నెట్‌వర్క్ కంపెనీ దగ్గర వాయిదాల మీద కాకుండా విడిగా అమ్మే, ట్రే ఉన్న అన్‌లాక్డ్ రకం చూసుకోవాలి. దిగిన మొదటి రెండు మూడు రోజులు ఎయిర్‌పోర్టు, హాస్టల్ వైఫైతో గడిచిపోతాయి.

మాస్టారు కాసేపు లెక్కలేసుకున్నారు. దసరా ఫోన్ని తీసి చొక్కా జేబులో పెట్టుకున్నారు. "అయితే ఇది నాకేనన్నమాట" అని, లేవబోతూ ఆగి, "ఎవళ్లూ తియ్యకుండా దీనికి లాకు ఎలా వేసుకోవాలో కాస్త చూపించండి" అన్నారు.